బొమ్మ రాని చోట

జూన్ 3, సోమవారం

ఈ రోజు తమ్ముడి పేజీ సగం దాకా వచ్చింది.

అట్టలకు జిగురు రాసి ప్రెస్సులో బిగించాక, అవి ఆరేదాకా నాకు వేరే పని ఉండదు. ఆ కాస్తసేపూ వాడి వెబ్‌సైట్ చూస్తాను. వాడి మీద బెంగతో కాదు. ఒకే ఊళ్ళో ఇద్దరు బైండర్లున్నప్పుడు రెండోవాడు ఏం చేస్తున్నాడో తెలుసుకోవడం వ్యాపారం. మా ఆవిడ మాత్రం "నా మొహం వంక అంతసేపు ఎప్పుడైనా చూశారా" అంటుంది.

ఈ కంప్యూటర్ వాడు బిగించి ఇచ్చిందే. ఎక్కడెక్కడి ముక్కలో తెచ్చి, కటింగ్ బల్ల చివర పెట్టి, "ఇంక నువ్వు ప్రపంచంలో ఉన్నట్టే అన్నయ్యా" అన్నాడు. మా ఆవిడ దీన్ని ముసలాడు అని పిలుస్తుంది. ముసలాడికి ఆయాసం, మా ఇంటర్నెట్ లైనుకు బద్ధకం. అందుకని వాడే ఇందులో బొమ్మలు రాకుండా ఆపేశాడు. బొమ్మ ఉండాల్సిన చోట ఖాళీ గడి ఒకటి వస్తుంది, ఆ గడిలో బొమ్మ ఏమిటో చెప్పే మాట ఒకటి ఉంటుంది. చాలా సైట్లవాళ్ళు ఆ మాట కూడా రాయరు. ఏదో నంబరు ఉంటుంది, లేదా ఏమీ ఉండదు.

తమ్ముడి పేజీలో మొదటి గడిలో ఇవాళ ఇలా ఉంది:

"ఎర్ర బట్ట అట్ట. ఎడమ మూల బొటనవేలికి తగులుతోంది, కాస్త లేచినట్టుంది. అన్నయ్య చూస్తే మళ్ళీ విప్పమనేవాడు."

చదివాను. మళ్ళీ చదివాను. అంతలో ముసలాడు ఆగిపోయాడు.

విడిపోయిన దగ్గర్నుంచి వాడు నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఇప్పుడు వచ్చేపోయేవాళ్ళందరి ముందూ నన్ను ఇందులోకి లాగుతాడా.

జూన్ 4, మంగళవారం

వాడికి నేను తప్ప ఇంకో అన్నయ్య లేడు. కాబట్టి నేనే.

జూన్ 6, గురువారం

భోజనానికి ముందు రెండో పేజీ నొక్కాను. కుకీలు ఒప్పుకుంటారా అని అడిగింది, ఒప్పుకున్నాను. మీ బ్రౌజర్ పాతదైపోయింది, కొత్తది దింపుకోండి అంది. కొత్తది ముసలాడి పొట్టలో పట్టదని ఇదివరకే తెలిసింది కనుక ఊరుకున్నాను. తిని, చెయ్యి కడుక్కుని, ఓ కునుకు తీసి వచ్చేసరికి ఒక గడి వచ్చి ఉంది.

"నల్ల అట్ట నిఘంటువు. వీపు గుండ్రం చక్కగా కుదిరింది, అరచేతిలో పిల్లి వీపులా ఉంది. నాన్న సుత్తితో కొట్టింది."

ఇది నాకు తగలాలనే రాశాడు. సుత్తి సంగతి మా ఇద్దరికే తెలుసు. నాన్న పోయాక ఈ షాపులో ఎదురెదురుగా కూర్చుని కుట్టేవాళ్ళం. వాడి కుట్టు నా కుట్టు కన్నా సన్నం, అది నేను కాదనను. అలాంటివాడు ఉన్నట్టుండి జిగురు మిషన్ కొంటానన్నాడు. కాగితాల వీపు కోసి, వేడి జిగురు పూసి, అట్ట అంటించేస్తుంది. సూదీ దారం అక్కర్లేదు. ఇది బైండింగ్ కాదు, స్టాంపు అంటించడం అన్నాను. ఇలాగే చేస్తానన్నాడు. ఎందుకురా అంటే చెప్పడు. నాన్న సుత్తి పట్టుకుని వెళ్ళి ఊరికి అటు చివర షాపు పెట్టాడు. ప్రెస్సు నా దగ్గర మిగిలింది. పుస్తకం వీపు గుండ్రంగా రావాలంటే సుత్తి కావాలి, ఆ గుండ్రం నిలవాలంటే ప్రెస్సు కావాలి. ఈ మాట వాడికి ఒకరు చెప్పాలా.

మా ఆవిడను పిలిచి నీ ఫోనులో చూడమన్నాను. ఆవిడ ఫోనులో తన చెల్లెలు పంపే వీడియోలన్నీ పరిగెడతాయి. పేజీ టక్కున వచ్చింది.

"బాగున్నాయండీ బొమ్మలు. ఈ నల్ల పుస్తకం భలే ఉంది."

"దాని మీద ఏం రాశాడో చదువు."

"ఏమీ రాయలేదే."

"పిల్లి వీపు అని లేదూ?"

ఆవిడ ఫోను పక్కన పెట్టి నా మొహం వంక చూసింది. "కాసేపు పడుకోండి" అంది.

జూన్ 7, శుక్రవారం

లాయరుగారు తన కేసుల సంపుటాలు తీసుకుపోవడానికి వచ్చారు. మాటల్లో పెట్టి, ఆయన ఫోనులో కూడా తమ్ముడి పేజీ తెరిపించాను. "మాటలేమైనా కనిపిస్తున్నాయా సార్, బొమ్మ మీద గానీ, కింద గానీ?" అన్నాను. ఆయన కళ్ళజోడు పైకీ కిందకీ జరిపి చూశారు. లేవన్నారు. "పని మాత్రం శుభ్రంగా ఉంది. మీ తమ్ముడా? చెప్పారు కాదే" అని అడ్రసు రాసుకున్నారు.

ఉన్న మంచి కస్టమర్ని చేజేతులా పంపించాను.

ఎవరికీ కనబడని మాటలు నాకు ఒక్కడికే కనబడుతున్నాయి. బొమ్మలు ఆపింది వాడు. నా దగ్గర బొమ్మలు రావని తెలిసినవాడు వాడు. అంటే ఆ గడులు నా కోసమే. తలుపు మూసి మాట్లాడుకున్నట్టు, ఊరంతా బొమ్మలు చూసి పోతుంటే వాడు నాతో మాట్లాడుతున్నాడు. తిడుతున్నాడో పిలుస్తున్నాడో మాత్రం తేలడం లేదు.

మూల లేచిందని వాడే ఎందుకు చెప్పుకుంటాడు? వాడి పని వాడే తక్కువ చేసుకుని రాశాడు. అది పిలవడమే అవ్వాలి. మరి సుత్తో?

జూన్ 10, సోమవారం

జవాబు రాద్దామని కూర్చున్నాను. వాడి పేజీ అడుగున "మాకు రాయండి" అని ఉంది. పెద్దగా ఏమీ రాయలేదు. "మూల లేస్తే జిగురు పల్చనైందని అర్థం. ఇట్లు, నీకు తెలిసినవాడు" అని రాసి నొక్కాను.

నేను మనిషినో యంత్రాన్నో తేల్చుకోవాలంది. ట్రాఫిక్ లైట్లున్న గళ్ళన్నీ ఎంచుకోమంది. తొమ్మిది గళ్ళు వచ్చాయి, తొమ్మిదీ ఖాళీ. తోచినవి నొక్కాను. తప్పంది. ఈసారి బస్సులన్నారు. మళ్ళీ తొమ్మిది ఖాళీలు. మెట్లన్నారు. నాకు చెమట పట్టింది. బొమ్మలు రానిద్దామని ఆపినదాన్ని తీస్తే, ముసలాడు గుర్రు పెట్టి పూర్తిగా పడుకున్నాడు. మళ్ళీ లేపి, బొమ్మలు ఆపి, మళ్ళీ మొదట్నుంచి రాశాను. మళ్ళీ ట్రాఫిక్ లైట్లు.

మనిషినని ఒప్పించలేకపోయాను.

"ఫోను చెయ్యొచ్చుగా" అంది మా ఆవిడ.

"వెళ్ళినవాడు చెయ్యాలి."

"మీరు ఇప్పటిదాకా చేసిందేమిటో మరి" అని లోపలికి వెళ్ళిపోయింది.

జూన్ 11, మంగళవారం

పేజీ పైన కొత్త వాక్యం. "ఈ నెలాఖరు నుంచి కొత్త పనులు తీసుకోబోవడం లేదు."

ఎందుకు? లాయరుగారు ఫోను చేస్తే చేతినిండా పని ఉందన్నాడట. వేరే ఊరు పోతున్నాడా. పెద్ద ప్రింటింగ్ ప్రెస్సువాళ్ళెవరైనా జీతానికి పిలిచారా. లేక జిగురు పుస్తకాలు ఊడి చేతికొచ్చి జనం తిరగబడ్డారా. ఇదే అయ్యుంటుంది. అయినా నేను సంతోషించలేదు. షాపు మూసేస్తే ఈ పేజీ కూడా తీసేస్తాడు. అప్పుడు ఈ గడులుండవు. ఈ నెలలోనే ఏదో ఒకటి తేలాలి.

జూన్ 14, శుక్రవారం

"సూది. దీని బొమ్మ కూడా పెట్టమన్నాను. చూపుడు వేలికి గుచ్చుకునే వైపు మొన."

ఇంతే. ఏమీ అర్థం కాలేదు. సూదిని వదిలేసినవాడు దాని బొమ్మ ఎందుకు పెట్టుకుంటాడు? మొన ఎటుందో గుచ్చుకుంటే గానీ తెలియదా? రెండు కళ్ళూ పెట్టుకుని ఈ తడుముడు రాతలేమిటి? బొటనవేలికి తగిలింది, అరచేతిలో ఉంది, ఇప్పుడిది. వాడు ఇలా రాసే మనిషి కాడు. చిన్నప్పుడు సెలవు చీటీ కూడా నా చేతే రాయించుకునేవాడు.

జూన్ 15, శనివారం

కరెంటు పోయి వచ్చింది. ముసలాడు లేచాడు గానీ తమ్ముడి పేజీ తెరవనంటున్నాడు. "ఈ సైటు సురక్షితం కాదు. దీని సర్టిఫికెట్ ఇంకా అమల్లోకి రాలేదు." ఎర్ర గుర్తు ఒకటి.

వాడే తలుపు వేసేశాడనుకున్నాను. నేను చూస్తున్నానని తెలిసిపోయి ఉంటుంది. కోపంలో చేతిలో ఉన్న అట్టను విసురుగా బల్ల మీద పడేసి, దాని మూల నేనే పాడు చేశాను. తర్వాత వాతావరణం పేజీ నొక్కాను. అదీ అంతే. వార్తలూ అంతే. ప్రపంచమంతా కలిసి నాకు తలుపు వెయ్యదు కదా అని కొంచెం నెమ్మదించాను.

తెర మూల తేదీ చూస్తే ఎప్పటిదో పాత సంవత్సరం చూపిస్తోంది. ఆ ఏడాది వాడు ఇదే బల్లకు ఎదురుగా కూర్చుని ఉన్నాడు.

తేదీ మార్చలేదు. ఎలా మార్చాలో తెలియక కాదు.

జూన్ 17, సోమవారం

రిపేరు అతను వచ్చాడు. ఊళ్ళో అందరూ స్క్రూ అంటారు, అతనూ పలుకుతాడు. ముసలాడి మూత తీసి, దుమ్ము ఊది, చొక్కా గుండీ అంత బ్యాటరీ ఒకటి పీకి చూపించాడు.

"లోపలి గడియారం దీని మీదే నడుస్తుందండీ. ఇది చచ్చిపోతే, కరెంటు పోయినప్పుడల్లా పాత రోజుల్లోకి వెళ్ళిపోతుంది. మీరు ఆ ఏడాదిలో కూర్చుని అడుగుతున్నారు, ఆ సైట్ల పత్రాలు ఈ ఏడాదివి. ఇంకా పుట్టని పత్రం చెల్లదని దీని వాదన."

కొత్తది పెట్టాడు. పేజీ వచ్చింది. పనిలో పనిగా, తమ్ముడని చెప్పకుండా, ఈ గడుల్లో మాటలు ఫోనుల్లో ఎందుకు కనబడవని అడిగాను.

"బొమ్మ వచ్చేస్తే ఆ మాటతో పని లేదు కదండీ. అది దాని వెనకే ఉండిపోతుంది. అసలు చూపు లేనివాళ్ళ కోసమండీ అవి. వాళ్ళ ఫోను ఆ మాటల్ని పైకి చదువుతుంది. చాలామంది రాయరు. రాసినాయన ఎవరో గానీ మంచాయన."

చూపు లేనివాళ్ళు పుస్తకాలు బైండు చేయించుకుంటారా అని అడిగాను. ఎందుకు చేయించుకోకూడదన్నాడు. నాకు నవ్వొచ్చింది. అతనికి మా ఇద్దరి సంగతీ తెలియదు కాబట్టి అలా అనుకుంటున్నాడు. అది నా కోసం.

జూన్ 19, బుధవారం

"పాత పుస్తకం, అట్ట లేదు. అన్నయ్య కుట్టింది, నాది కాదు. దారం మీద గోరు నడిపితే కుట్లన్నీ ఒకే దూరంలో తగులుతున్నాయి. ఇది అమ్మకానికి కాదు."

ఇంక అనుమానం లేదు. పిలుస్తున్నాడు. షాపు గుమ్మంలోకి వెళ్ళి కాసేపు నిలబడ్డాను. ఎండ చాలా బాగుందనిపించింది, నిజానికి మాడిపోతోంది. మా ఆవిడతో రేపు మంచి చొక్కా తీసి ఉంచమన్నాను.

జూన్ 20, గురువారం

వెళ్ళలేదు. "రా" అని ఒక్క మాట రాయొచ్చు కదా. ఇన్ని రాసినవాడికి ఆ ఒక్క అక్షరం బరువా.

మా ఆవిడ మందుల షాపు నుంచి వచ్చి సంచీ పెట్టి అలాగే కూర్చుండిపోయింది. అక్కడ మరదలు కనిపించిందట. తమ్ముడి భార్య ఏమందని అడిగితే చెప్పదు.

"మీరే వెళ్ళి చూడండి" అంది. మళ్ళీ అడిగితే, మళ్ళీ అదే.

జూన్ 24, సోమవారం

వెళ్ళాను.

వాడి షాపు మా షాపు కన్నా చిన్నది. జిగురు మిషన్ మీద గుడ్డ కప్పి ఉంది. వాడు బల్ల దగ్గర, చెవికి ఫోను ఆనించుకుని కూర్చున్నాడు. నా చెప్పుల చప్పుడుకి తలెత్తి సూటిగా నా వైపే చూశాడు. పలకరించేది ముందు వాడే కావాలని నేను గుమ్మంలో ఆగాను.

"ఎవరండీ? కొత్త పనులు తీసుకోవడం లేదండీ" అన్నాడు.

నాతో. అండీ అని. ఒళ్ళు మండింది. ఇన్ని రోజులు గడుల్లో అన్నయ్యా అన్నయ్యా అని, ఎదురుగా వస్తే ఈ నాటకమా అనుకున్నాను. వాడు ఇంకా నా వైపే చూస్తున్నాడు. నా మొహం మీద కాదు. నా చెవి పక్క నుంచి వెనక వీధిలోకి.

చేతిలో ఫోను మాట్లాడుతూనే ఉంది. రైల్వే స్టేషన్లో ప్రకటనలు చేసే గొంతు లాంటిది. "ఎర్ర బట్ట అట్ట. ఎడమ మూల బొటనవేలికి తగులుతోంది" అంటూ అంతా చదివి, "అన్నయ్య చూస్తే మళ్ళీ విప్పమనేవాడు" అంది. వాడు తనలో తాను నవ్వుకున్నాడు.

లోపలి నుంచి వచ్చిన మరదలు నన్ను చూసి ఆగిపోయింది. "ఒక్క నిమిషం, పాత బిల్లు సంగతి" అని వాడికి చెప్పి నన్ను పక్క సందులోకి తీసుకెళ్ళింది.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"అక్కడ మీతో ఉన్నప్పుడే మొదలైంది బావగారూ. ఎదురుగా పెట్టుకుని చూసిందే కనిపించేది కాదు, పక్కలు కనిపించేవి. ఇప్పుడు పక్కలు కూడా పోతున్నాయి. మిషన్ దగ్గర చెయ్యి కాల్చుకున్నారు. అందుకే ఆపేస్తున్నాం. డాక్టరుగారు చూపు ఇంక తిరిగి రాదనేశారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే తన పని కూడా మీరే కుట్టేసి, తనని కూర్చోబెట్టి తిండి పెడతారట. చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు."

అప్పుడు గడుల్లో మాటల గురించి అడిగాను. ఆవిడకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అవి మీకు కనిపిస్తాయా? అవి తన కోసం బావగారూ. నేను ఫోటో పెడతాను, తను ఆ పుస్తకాన్ని చేత్తో తడిమి ఫోనుకి చెబుతారు. తర్వాత ఎప్పుడైనా గుర్తొస్తే పెట్టించుకుని వింటారు. ఇంకెవరికీ కనిపించవన్న ధైర్యంతో ఏదో చెప్పుకుంటారు."

బొమ్మలు ఆపింది వాడే. మర్చిపోయి ఉంటాడు.

అందులో ఒక్క ముక్కా నాకు రాసింది కాదు. వాడు తనకోసం చెప్పుకున్న మాటలు చదివి, నాకు పంపాడనుకుని కోపం తెచ్చుకున్నాను, పొంగిపోయాను, మంచి చొక్కా తీసి ఉంచమన్నాను. నేను ఈ డైరీ రాసుకుంటున్నట్టే వాడు రాసుకుంటున్నాడు. నా డైరీలో వాడున్నాడు. వాడి దాంట్లో నేనున్నాను.

జూన్ 25, మంగళవారం

నిన్న వాడితో మాట్లాడకుండానే వచ్చేశాను. ఏమనాలో తెలియలేదు.

జూన్ 27, గురువారం

సూది బెజ్జం కనబడనివాడు జిగురు మిషన్ కొనక ఏం చేస్తాడు.

ముసలాణ్ణి తెరవలేదు. ఇప్పుడు ఆ గడులు చదవడం తప్పనిపిస్తోంది. చదవకపోతే ఇంకా తప్పనిపిస్తోంది. పొద్దున్నుంచి ఒకే పుస్తకం కుడుతూ విప్పుతూ ఉన్నాను.

"వెళ్ళండి" అంది మా ఆవిడ.

"వెళ్ళి ఏమనాలి? జాలి పడితే వాడు ఊరుకోడు."

"జాలి పడమని ఎవరన్నారు. మీకు వాడి పనిలో వంకలు పెట్టడం వచ్చుగా. అదే చెయ్యండి."

జూన్ 30, ఆదివారం

ఈసారి గుమ్మంలో ఆగలేదు. "నేనురా" అంటూ లోపలికి వెళ్ళిపోయాను.

వాడు చేతిలో పని ఆపాడు. తర్వాత, "కూర్చో అన్నయ్యా. ఎడమ పక్కన స్టూలు ఉంది. కాలు ఊగుతుంది, చూసుకో" అన్నాడు. కూర్చున్నాను. నిజంగానే ఊగింది.

వాడి ఒళ్ళో నీలం అట్ట పుస్తకం ఉంది. ఆఖరి పని. దీన్ని మిషన్ మీద పెట్టలేదట. మరదలు సూదిలో దారం ఎక్కించి ఇస్తుంటే వేలితో వెతుక్కుంటూ కుట్టాడట. నా చేతిలో పెట్టాడు. "ఎలా ఉందో చెప్పు" అన్నాడు. వాడి వెనక నుంచి మరదలు, బాగుందని చెప్పండని కళ్ళతోనే బతిమాలుతోంది.

అటూ ఇటూ తిప్పి చూశాను. కుట్టు సన్నంగానే ఉంది, రెండు చోట్ల వంకర పోయింది. అట్ట మూల లేచింది. బాగుంది అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. వాడు చెవి నా వైపు పెట్టి కూర్చున్నాడు.

"మూల లేచింది. కుట్టు కూడా రెండు చోట్ల తప్పింది. విప్పు" అన్నాను.

మరదలు గోడకు ఆనుకుంది. వాడు కదల్లేదు. తర్వాత భుజాలు ఊగడం మొదలైంది. ఏడుస్తున్నాడనుకుని భయపడ్డాను. నవ్వుతున్నాడు. కాసేపటికి ఏడుపు కూడా వచ్చింది, కానీ ముందు నవ్వే.

"అందరూ బాగుంది బాగుంది అంటున్నారన్నయ్యా. ఇంక నాతో ఎవరూ నిజం చెప్పరనుకున్నాను" అన్నాడు.

ఇద్దరం కలిసి విప్పాం. వాడు దారం లాగాడు, నేను ఫారాల మడతలు ఒక్కొక్కటీ విడదీశాను. వాడి చేతి మీద కాలిన మచ్చ ఉంది. దాని గురించి నేను అడగలేదు.

మధ్యలో వాడు "ముసలాడు బతికే ఉన్నాడా?" అన్నాడు.

"ఉన్నాడు."

"బొమ్మలు ఆపే ఉన్నాయా?"

జవాబుకు బదులు నేను ఇంకో ఫారం విడదీశాను. వాడి చెయ్యి దారం మీద ఆగింది. చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"అయితే చదివావన్నమాట."

"మా లైను సంగతి తెలుసుగా. సగమే వచ్చేది" అన్నాను.

"ఏ సగం?"

"పిల్లి వీపు దాకా."

మళ్ళీ నవ్వాడు. సుత్తి తెచ్చి నా ముందు పెట్టాడు. రేపటి నుంచి పొద్దున్నే వస్తానని చెప్పాను. ప్రెస్సు ఇక్కడికి మోసుకురావాలా, వాణ్ణి అక్కడికి తీసుకెళ్ళాలా అన్నది తేలలేదు. ఇద్దరం రెండు రకాలుగా వాదించుకున్నాం.

జూలై 2, మంగళవారం

ఇంటికి వచ్చి ముసలాణ్ణి తెరిచాను. కొత్త పనులు తీసుకోబోమన్న వాక్యం పైన అలాగే ఉంది. తీసెయ్యమని చెప్పాలి. కింద కొత్త గడి వచ్చింది.

"నీలం అట్ట. ఒకసారి విప్పి మళ్ళీ కట్టింది. మూల లేవలేదు, అన్నయ్య చూశాడు. అన్నయ్యా, ఈ ముక్క నీకే. రేపు వచ్చేటప్పుడు లావు సూది పట్టుకురా, సన్నది నా వేలికి దొరకడం లేదు. ఇంకో సంగతి"

అక్కడ పేజీ ఆగిపోయింది. కాసేపు చూశాను. ముసలాణ్ణి ఆపేసి, పెట్టె తీసి లావు సూదులు వెతికి చొక్కా జేబులో పెట్టుకున్నాను. మిగతాది రేపు వాణ్ణే అడుగుతాను.